‘మీ గురించి చెప్పండి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 29. ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఇప్పుడు విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ఆస్పత్రుల రిజిస్ట్రేషన్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తాను. తెలుగు, ఇంగ్లీషు, హిందీ వచ్చు. చిన్నప్పటి నుంచి పక్కింటివాళ్లతో మాట్లాడి ఉర్దూ వచ్చింది, చదవడం మాత్రం రాదు. సినిమాల పుణ్యమా అని తమిళం కొంచెం అర్థమవుతుంది. నెలకో ఆదివారం చూపులేని పిల్లలకు ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం) వాడటం నేర్పే బృందంతో వెళ్తాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎవరికి ఏం అందిందో రాసే షీట్ నేనే చూసుకున్నాను, సుమారు 400 ఇళ్లు. పేర్లు కొందరు తెలుగులో, కొందరు ఇంగ్లీషులో ఎక్కించడంతో ఒకే ఇంటికి రెండుసార్లు సరుకులు వెళ్లి, పక్కింటికి అసలు వెళ్లలేదు. తర్వాత డోర్ నంబర్లు, ఫోన్ నంబర్లు పెట్టి సరిచేశాం. ఇప్పుడు గర్భిణులకు, బాలింతలకు తెలుగు, ఉర్దూల్లో ఫోన్ సలహాలు, మెసేజ్‌లు పంపే ఒక సంస్థలో ఇంటర్వ్యూ ఉంది. ‘మీ గురించి చెప్పండి’ అనగానే నేను రెజ్యూమె అప్పజెప్పేస్తాను, లేదంటే సొంత డప్పు కొట్టుకుంటున్నట్టు అనిపించి మధ్యలో ఆగిపోతాను. నా స్నేహితురాలు ‘బహుభాషా ప్రావీణ్యం, సామాజిక స్పృహ గల టెక్నాలజీ నిపుణురాలు’ అని ఒక వాక్యం రాసిచ్చింది. లింక్డిన్‌లో కూడా అదే పెట్టమంటోంది. పెట్టనా? - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: పెట్టకండి. అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అది మిమ్మల్ని చూసినవాళ్లు, మీ పని విన్నవాళ్లు అనాల్సిన మాట. బెంజ్ సర్కిల్ చుట్టూ ఫ్లెక్సీల్లో పేరు కింద ‘ప్రముఖ సంఘసేవకులు’ అని చూసి చూసి మన ఊళ్లలో ఆ బిరుదుకు ఎప్పుడో విలువ పోయింది. ఇంగ్లీషులో చెప్పినంత మాత్రాన అది తిరిగి రాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటి వాక్యాలు రోజూ చదువుతారు. చదివాక వాళ్ల చేతిలో అడగడానికి ప్రశ్న కూడా మిగలదు.

మీరు వెతుకుతున్నది మీ ఉత్తరంలోనే ఉంది, ఆ 400 ఇళ్ల షీట్‌లో. భాషలు, టెక్నాలజీ, జనం కోసం చేసిన పని, ఈ మూడూ ఒక్కచోట కనబడేది అక్కడే. మూడు విశేషణాలు చెప్పే బదులు ఆ ఒక్క పని చెప్పండి. మూడింటినీ విడివిడిగా చెబితే ‘ఉద్యోగం ఇది, భాషలు ఇవి, ఖాళీ దొరికితే సేవ’ అన్నట్టు వినిపిస్తుంది. కలిపి చెబితే మీరు ఏ రకం మనిషో వాళ్లకే తెలుస్తుంది.

అయితే చెప్పే ముందు ఆ పని మీ బుర్రలో విడివిడి భాగాలుగా ఉండాలి, ఎందుకంటే రెండో ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. అసలు తప్పు ఎక్కడ జరిగింది? శ్రీనివాసరావు అనే పేరే తీసుకోండి. ఇంగ్లీషులో ఒకరు ఎస్సార్‌ఐతో మొదలుపెడతారు, ఇంకొకరు ఐ బదులు రెండు ‘ఈ’లు పెడతారు, మరొకరు మధ్యలో హెచ్ చేరుస్తారు. ‘రావు’ కలిపి ఒకరు, విడదీసి ఒకరు. ఇంటిపేరు ముందు ఒకరు, వెనక ఒకరు, పొడి అక్షరంగా ఒకరు. కంప్యూటర్‌కు వీళ్లంతా వేర్వేరు మనుషులు. మరి ఫోన్ నంబరు ఒక్కటే ఎందుకు సరిపోలేదు? వరదలో సగం మంది ఫోన్లు తడిసి, పక్కింటివాళ్ల నంబరో, బంధువుల నంబరో ఇచ్చి ఉంటారు. ఒకే నంబరు మీద నాలుగిళ్లు కనబడతాయి. అందుకే డోర్ నంబరు కూడా కావాల్సి వచ్చింది. అందులోనూ ఒక తిరకాసుంది. మన డోర్ నంబర్లు 12-5-20 లాంటివి. షీట్‌లో అలా కొట్టగానే అది తేదీగా మారి కూర్చుంటుంది. కాలమ్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టాలి. తర్వాత మార్చినా, అప్పటికే తేదీ అయిపోయిన గడుల్లో పాత నంబరు ఒక్కోసారి వెనక్కి రాదు. ఇది మీకూ ఎదురయ్యే ఉంటుంది. ఎదురైతే తప్పకుండా చెప్పండి. చేతులు పెట్టి పని చేసినవాళ్లకే తెలిసే సంగతి అది.

ఇక మాటల్లో పెడదాం. ఇంటర్వ్యూలో నిమిషం దాటకూడదు. ఇలా ఉండొచ్చు:

‘మాది గుంటూరు. ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఇప్పుడు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. భాషల వల్ల వచ్చే తప్పులు పట్టుకోవడం మీద నాకు ఎక్కువ గురి. ఒకే మనిషి పేరు తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో మూడు రకాలుగా పడితే రికార్డులు రెండు మూడు అవుతాయి, అలాంటివన్నమాట. బుడమేరు వరదప్పుడు సుమారు 400 ఇళ్లకు సాయం అందించే జాబితాలో ఇదే జరిగింది. కొన్ని ఇళ్లకు రెండుసార్లు వెళ్లింది, కొన్నిటికి వెళ్లలేదు. డోర్ నంబరు, ఫోన్ నంబరు కలిపి చూసి, రెండోసారి పడ్డ పేర్లు నేను తీసేశాను. తెలుగు, ఇంగ్లీషు, హిందీల్లో పని చేస్తాను. ఉర్దూ మాట్లాడతాను, చదవలేను. మీ మెసేజ్‌లు ఉర్దూలోనూ వెళ్తాయని చూశాను. వాటిని పంపే ముందు ఎవరు, ఎలా సరిచూస్తారో తెలుసుకోవాలని ఉంది.’

పైకి చదువుతూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. హడావుడి లేకుండా చదివితే నిమిషానికి కాస్త అటూఇటూగా వస్తుంది. దాటితే భాషల వాక్యం కుదించండి, వరద ముక్క మాత్రం తీయకండి. మొత్తం బట్టీ పట్టవద్దు. బట్టీ పట్టినవాళ్లను మధ్యలో ఒక ప్రశ్న వేసి ఆపితే, ఎక్కడ ఆగారో దొరక్క మళ్లీ మొదటికొస్తారు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మధ్యదంతా మీకు తెలిసిన విషయమే కాబట్టి రోజుకో రకంగా వచ్చినా నష్టం లేదు. చివర్లో వాళ్ల పని గురించిన ప్రశ్న ఎందుకంటే, చాలామంది ‘అంతేనండీ... దట్స్ ఆల్’ అని నీరసంగా ఆగిపోతారు. ఎదుటివాళ్లు ఏమనాలో తోచక రెజ్యూమె తిరగేస్తారు. ప్రశ్నతో ఆపితే మాట వాళ్ల వైపు వెళ్తుంది, ఆ తర్వాత కాసేపు మీకు తెలిసిన నేల మీదే నడుస్తుంది.

ఇందులో ఏం లేవో కూడా చూడండి. నాన్నగారి ఉద్యోగం, అన్నదమ్ములెందరు, ఇంటర్ మార్కులు, హాబీలు, ‘హార్డ్ వర్కర్, క్విక్ లర్నర్’ ఇవేవీ లేవు. ఇదంతా క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం ఫైనలియర్‌లో నేర్పే మూస. ‘మైసెల్ఫ్ ఫలానా, హెయిలింగ్ ఫ్రమ్ గుంటూరు’ కూడా అక్కడిదే. చెప్పడానికి ఉద్యోగం లేని ఇరవై ఒక్కేళ్ల పిల్లలకు అది ఊతకర్ర. ఏడేళ్లు పని చేసినవాళ్లు దాన్నే పట్టుకుంటే ఆ ఏడేళ్లూ ఏమయ్యాయని అనుమానం వస్తుంది.

సొంత డప్పు భయం గురించి. డప్పు అనిపించేది గొప్ప చెప్పినప్పుడు, జరిగింది చెప్పినప్పుడు కాదు. ‘నాకు సేవంటే ప్రాణం’ అంటే డప్పు. ‘జాబితాలో రెండుసార్లు పడ్డ పేర్లు తీసేశాను’ అంటే సమాచారం. ఇంకో జాగ్రత్త, ‘చేశాం’, ‘చేశాను’ సరిగ్గా వాడండి. మనవాళ్లు మొహమాటానికి అన్నిటికీ ‘చేశాం’ అంటారు. అప్పుడు మీ వంతు ఏమిటో ఎవరికీ అర్థం కాదు. పడవల్లో సరుకు మోసినవాళ్లు వేరు, ఫోన్లు చేసినవాళ్లు వేరు, షీట్ చూసింది మీరు. వాళ్ల పని ‘చేశారు’, మీది ‘చేశాను’. అలా విడదీసి చెబితే వినయం తగ్గదు, నమ్మకం పెరుగుతుంది.

భాషల విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ‘నాలుగు భాషలు వచ్చు’ అన్న మరుక్షణం బల్లకవతల ఉన్నవాళ్లలో ఒకరు హిందీలో ప్రశ్న వేస్తారు. అది పరీక్షేమీ కాదు, మామూలు కుతూహలం. అక్కడ తడబడితే మిగతా మూడు భాషల మీద, ఆ వెంటనే మిగతా రెజ్యూమె మీద అనుమానం పాకుతుంది. అందుకని ఒక్కో భాషలో ఏం చేయగలరో చెప్పండి. మాట్లాడటం, చదవడం, రాయడం, పని చేయడం వేర్వేరు సంగతులు. మీరు హిందీలో ఫోన్ మీద కస్టమర్‌తో మాట్లాడగలరేమో గానీ రెండు పేజీల నివేదిక రాయగలరా? ఉర్దూ లిపి రాదు కదా, మరి మెసేజ్‌లో తప్పు పడితే మీరు చూసి పట్టుకోలేరు. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం వినేవాళ్లకు అర్థమవుతుందో లేదో చెప్పగలరు. అది కూడా విలువైన పనే, ఆ సంస్థకైతే మరీను. సరిగ్గా అంతే చెప్పండి.

లింక్డిన్ భాషల విభాగంలో ఐదు స్థాయులుంటాయి. తెలుగుకు అన్నిటికన్నా పైది పెట్టండి. ఇంగ్లీషుకు దాని కింది స్థాయి, హిందీకి ఇంకో మెట్టు కింద, చదవలేని ఉర్దూకు కింది నుంచి రెండోది సబబు. అన్నిటికీ మాతృభాష స్థాయి టిక్కు పెట్టినవాళ్లు కోకొల్లలు. చూసేవాళ్లు నవ్వుకుంటారు తప్ప నమ్మరు. యూరప్ కంపెనీలవాళ్లు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలత అడుగుతారు. పరీక్ష రాయకుండా అక్కడ అంకె వేస్తే ‘నా అంచనా’ అని పక్కన రాయండి. తమిళం రాయవద్దు. సినిమా అర్థం కావడం, ఎనిమిదో నెల గర్భిణి ఫోన్ చేసి చెప్పే బాధ అర్థం కావడం ఒకటి కావు.

హిందీలో, ఉర్దూలో పరిచయం చేసుకునేటప్పుడు తెలుగువాళ్లు పడే గుంట ఒకటుంది. తెలుగులో ‘చేస్తాను’ అని ఆడా మగా ఒకేలా అంటారు. హిందీలో మీరు ‘కామ్ కర్‌తీ హూఁ’ అనాలి. మగవాళ్ల నోట విని విని ‘కర్‌తా హూఁ’ వచ్చేస్తుంది, అదీ మొదటి వాక్యంలోనే. వందసార్లు అని అలవాటు చేసుకోండి. రెండోది, పక్కింట్లో చనువుగా నేర్చుకున్న ఉర్దూలో ‘తుమ్’ ఎక్కువ దొర్లుతుంది. పెద్దవాళ్లతో, ఇంటర్వ్యూలో ‘ఆప్’ తప్పనిసరి, క్రియ కూడా దానికి తగ్గట్టు మారాలి. మీ మాట గుంటూరు యాసలో ఉంటే దాచుకోనక్కర్లేదు. ఆ సంస్థ ఫోన్లు చేసేది ఇక్కడి ఇళ్లకే అయితే, పుస్తకాల ఉర్దూ కన్నా అదే పనికొస్తుంది.

టెక్నాలజీ వైపు మీ దగ్గర ఇంకో మంచి సంగతి ఉండాలి, లేకపోతే తయారుచేసుకోండి. ఆ సంస్థ ఎస్సెమ్మెస్‌లు పంపేదైతే ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 గుర్తులు పడతాయి. తెలుగు లిపి, ఉర్దూ లిపి మామూలుగా యూనికోడ్‌లో (అన్ని భాషల లిపులకూ పనికొచ్చే కోడ్) వెళ్తాయి కాబట్టి 70 మాత్రమే. అది దాటితే సందేశాన్ని ముక్కలు చేస్తారు, అప్పుడు ముక్కకు 67 మాత్రమే. పైగా తెలుగులో మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది లోపల చాలా గుర్తులు. ‘క్షి’ నాలుగు గుర్తులు, ‘డాక్టర్’ ఏడు. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌లో సరిపోయింది తెలుగులో మూడు కూడా కావచ్చు, అప్పుడు ఖర్చూ మూడింతలు. డబ్బు మిగిల్చడానికి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే, తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి అది చేరనట్టే. ఈ నాలుగు ముక్కలు ఇంటర్వ్యూలో సందర్భం చూసి చెప్పగలిగితే, మీకు భాషలు వచ్చనీ జనం గురించి ఆలోచిస్తారనీ వేరే చెప్పుకోనక్కర్లేదు. దీన్ని మాత్రం పరిచయంలో ఇరికించకండి, అడిగాక వాడండి.

టాక్‌బ్యాక్ పని ఎక్కడ చెప్పాలి? ఈ ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలో వద్దు. వరద షీట్‌కు వాళ్ల పనితో దగ్గరి చుట్టరికం ఉంది, రెండూ కలిపితే రెండూ పలచనవుతాయి. కానీ లింక్డిన్‌లో స్వచ్ఛంద సేవ విభాగంలో ముందు పెట్టాల్సింది ఇదే. వరద కొద్ది రోజులది, నెలకో ఆదివారం ఏళ్ల తరబడి వెళ్లడం నిలకడ. ‘చూపులేని విద్యార్థులకు సహాయం’ అని రాయకుండా ఏం నేర్పుతారో రాయండి: రెండు వేళ్లతో స్క్రోల్ చేయడం, తెలుగు గొంతు ఎంచుకోవడం, పేరు పెట్టని బటన్ల దగ్గర ఏం చేయాలి. ‘ఇంత సేవ చేస్తుంటే ఆఫీసు పనికి తీరికుంటుందా?’ అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకండి. ‘నెలకో ఆదివారమండీ’ అంటే చాలు.

లింక్డిన్‌లో పేరు కింది హెడ్‌లైన్‌కు 220 గుర్తులు ఇస్తారు. ఫోన్‌లో అంతా కనబడదు కాబట్టి ముఖ్యమైనది ముందుండాలి. ‘సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఆస్పత్రి వ్యవస్థలు, తెలుగు-హిందీ-ఇంగ్లీషు డేటా’ అన్నంత సాదాగా ఉంటే చాలు, ఉద్యోగులను వెతికేవాళ్లు కొట్టే మాటలు అవే. మీ గురించి రాసే ఎబౌట్ విభాగంలో 2,600 గుర్తుల దాకా రాయొచ్చు, నింపాలని రూలేమీ లేదు. మొదటి రెండు మూడు వరుసల తర్వాత ‘ఇంకా చూడండి’ వస్తుంది. వరద షీట్ వాక్యం దానికి పైనే ఉండాలి.

పేరు సంగతి చాలామంది వదిలేస్తారు. ‘లాస్ట్ నేమ్’ గడిలో ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే పెడితే వెతికినప్పుడు దొరకరు. సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే పూర్తిగా పెట్టండి. లేదంటే ఉద్యోగం వచ్చాక పత్రాల పరిశీలనలో ఇద్దరు మనుషులవుతారు. పేర్ల చిక్కుల మీదే పని చేసే మీకు ఇది మరీ ఎబ్బెట్టు. లింక్డిన్ ఫోన్ యాప్‌లో పది సెకన్ల వరకు మీ పేరు మీ గొంతుతో రికార్డు చేసే వీలుంది. బయటి రాష్ట్రాలవాళ్లతో పని చేయబోతుంటే వాడుకోండి.

వార్డుల్లో ఆశా కార్యకర్తలతోనో, పెద్దవాళ్లతోనో కూర్చున్నప్పుడు ఇదంతా అక్కర్లేదు. ‘క్వాలిటీ ఎనలిస్ట్‌ని’ అంటే ఏ నూనె నాణ్యత చూసే ఆఫీసరో అనుకుంటారు. ‘ఆస్పత్రి కంప్యూటర్లలో తప్పులుంటే పట్టుకునే పనండీ, మాది బ్రాడీపేట’ అనండి. అక్కడ ఊరు, వీధి చెప్పడమే సగం పరిచయం. ‘బ్రాడీపేటలో ఎన్నో లైను?’ అని వాళ్లే మొదలుపెడతారు.

తెలుగులో రెజ్యూమె అడిగితే ఒక జాగ్రత్త. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించవద్దు. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది, కానీ ఫైలులోంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, వెతికితే మీ పేరు కూడా దొరకదు. యూనికోడ్‌లో మీరే టైప్ చేయండి. పీడీఎఫ్ చేశాక మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. యూనికోడ్‌లో కొట్టినా ఒక్కోసారి ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. అలా అయితే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పంపండి.

చివరిగా ఆ షీట్. గర్వంగా తెరిచి ఇంటర్వ్యూలో చూపించాలనిపిస్తుంది. చూపించకండి, స్క్రీన్‌షాట్ కూడా వద్దు. అందులో 400 ఇళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, బహుశా ఎవరికి ఏ మందులు కావాలో కూడా ఉన్నాయి. వాళ్లు వాటిని ఇచ్చింది నీళ్లు, అన్నం కోసం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాట అటుంచినా, తల్లుల ఆరోగ్య సమాచారం చేతిలో పెట్టుకున్న సంస్థ మీలో మొదట చూసేది ఈ జాగ్రత్తే. కల్పిత పేర్లతో పది వరుసల నమూనా తయారుచేయండి. మూడు రకాల స్పెల్లింగులు, తేదీగా మారిన ఒక డోర్ నంబరు, నాలుగిళ్లకు ఒకే ఫోన్ నంబరు అందులో ఉంటే చాలు. అలాగే అసలు షీట్ షేరింగ్ సెట్టింగు ఇవాళే తెరిచి చూడండి. వరద హడావుడిలో ‘లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అని పెట్టి ఉంటారు, ఆ లింకు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో ఎవరికీ తెలియదు. ముందు దాన్ని మూసేయండి. బృందంలో మిగతావాళ్ల దగ్గర కాపీలుంటే, అవసరం తీరిపోయింది కాబట్టి తీసేయమని చెప్పండి.